వడియాలు ఎండే ఎండలో వన్నెల ఫోటోలు

ఫోటో అంటే ఇప్పుడు మనకి సెల్ ఫోనే. వేలితో నొక్కితే చాలు, పది ఫోటోలు. ఒక పెళ్లికి వెళ్లొస్తే రెండొందలు. అంతా బాగానే ఉంది. కానీ వాటిలో చేత్తో పట్టుకుని చూసుకునేవి ఎన్ని? ఫోను నీళ్లలో పడినా, బస్సులో పోయినా, చంటిపిల్లాడు తెలియక నొక్కి తుడిచేసినా ఆ రెండొందలూ ఏమైనట్టు? మన అమ్మమ్మలకి ఉన్నది ఒక్క ఫోటోయే అయినా, అది గోడ మీదో, ట్రంకు పెట్టెలో పట్టుచీర మడతల్లోనో భద్రంగా ఉండేది.

కెమెరా లేకుండా, డార్క్‌రూము లేకుండా, కరెంటు కూడా లేకుండా, మేడ మీది ఎండతోనే కాగితం మీద బొమ్మ అచ్చు వేసుకోవచ్చంటే నమ్ముతారా? ఒక పద్ధతికైతే వంటింట్లో పసుపు డబ్బా చాలు. ఇవేవో కొత్తగా వచ్చిన హాబీలు కావు. ఫోటోగ్రఫీ పుట్టిన తొలిరోజుల్లోవి, నూట ఎనభై ఏళ్లు దాటినవి. ఫిల్ములొచ్చాక మరుగున పడ్డాయి. ఇప్పుడు మళ్లీ దేశదేశాల్లో సరదా ఉన్నవాళ్లు వీటిని బయటికి తీస్తున్నారు. వడియాలు, అప్పడాలు, ఒరుగులు ఎండబెట్టడంలో మనకి మించిన నేర్పరులెవరు? ఎండ ఎప్పుడు చురుక్కుమంటుందో, ఎప్పుడు మబ్బు కమ్ముతుందో మనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? అందుకే ఈ పని మనకి అచ్చంగా సరిపోతుంది.

ఆడవాళ్ల చేతిలో పెరిగిన విద్య

1842లో ఇంగ్లండులో సర్ జాన్ హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఇనుము లవణాలతో కాగితం మీద నీలం రంగు బొమ్మ తెప్పించే పద్ధతి కనిపెట్టారు. దాని పేరు సైనోటైప్. మనం ‘నీలి అచ్చు’ అనుకుందాం. పువ్వుల రసాలు, ఆకుల రసాలు కాగితానికి పూసి ఎండలో పెట్టి బొమ్మలు తీసే పద్ధతి మీద కూడా ఆయన అప్పట్లోనే ప్రయోగాలు చేశారు. దాన్ని ఆంథోటైప్ అంటారు.

అయితే నీలి అచ్చుని అందరికంటే ముందు చక్కగా వాడుకున్నది ఒక స్త్రీ. ఆవిడ పేరు అన్నా అట్కిన్స్. సముద్రపు నాచు మొక్కలంటే ఆవిడకి ఎంతో ఇష్టం. అంత సన్నటి పీచుల్ని చేత్తో బొమ్మ గీయడం కష్టం కదా! అందుకని ఒక్కో నాచునీ మందు పూసిన కాగితం మీద పరిచి, ఎండలో పెట్టి అచ్చు తీశారు. 1843లో మొదలుపెట్టి పదేళ్ల పాటు భాగాలు భాగాలుగా ఆ పుస్తకం తెచ్చారు. ఫోటోలతో వచ్చిన మొట్టమొదటి పుస్తకం అదేనంటారు. పెద్ద కార్ఖానాలో కాదు, ఇంటి దగ్గరే చేసిన పని అది.

ఇంకొకావిడ మేరీ సోమర్‌విల్. గొప్ప చదువరి. 1845లో రకరకాల మొక్కల రసాల మీద వెలుగు ఎలా పనిచేస్తుందో పరీక్షించి, ఆ సంగతులన్నీ హెర్షెల్‌కి ఉత్తరంగా రాశారు. ఆ ఉత్తరంలోని విషయమే లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఎందుకలాగ అంటే, అప్పట్లో ఆడవాళ్లకి ఆ సొసైటీలో సభ్యత్వం లేదు. వాళ్లని సభ్యులుగా చేర్చుకున్నది 1945లో! సరిగ్గా వందేళ్లు పట్టింది చూశారా!

మన హైదరాబాదు ముచ్చట

ఇంగ్లండు కబుర్లు సరే, మన ఊళ్లో ఏమైంది అంటారా? ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో రాజా దీన్‌దయాళ్ గారని పేరున్న ఫోటోగ్రాఫర్ ఉండేవారు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ఉద్యోగం చేసి, ఆ తర్వాత సికింద్రాబాదు వచ్చి స్టూడియో పెట్టారు. చార్మినార్, నిజాం గారి దర్బారు, వేటలు, విందులు, అన్నీ ఆయన కెమెరాలో పడ్డవే. 1905లో కాలం చేశారు. ఆయన గాజు నెగెటివ్‌లు వేలల్లో ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. 2006లో ఆయన పేర తపాలా బిళ్ల కూడా వేశారు.

మనం ముఖ్యంగా తెలుసుకోవలసింది 1892 నాటి సంగతి. ఆ ఏడాది దీన్‌దయాళ్ గారు హైదరాబాదులో ఆడవాళ్ల కోసమే ప్రత్యేకంగా ‘జనానా స్టూడియో’ తెరిచారు. పరదా పాటించే ఇళ్లలోని స్త్రీలు మగవాళ్ల ఎదుట కూర్చుని ఫోటో తీయించుకోరు కదా. అందుకని మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకి ఆ స్టూడియో అప్పజెప్పారు. మగవాళ్లకి లోపలికి రానుపోను లేదు. నూట ముప్పై ఏళ్ల కిందటే మన ఊళ్లో ఒక ఆడమనిషి కెమెరా పట్టి, తోటి ఆడవాళ్ల ఫోటోలు తీసిందన్నమాట!

ఆ కాలం ఫోటోలు చాలా మటుకు కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద అచ్చు వేసినవే. తెల్లసొనలో ఉప్పు కలిపి, బాగా గిలకొట్టి, తేరుకున్నాక కాగితానికి పట్టించి, దాని మీద వెండి ద్రావణం పూసేవారు. తర్వాత నెగెటివ్ పెట్టి ఎండలోనే అచ్చు. ఈ కాగితం తయారీకి ఐరోపాలో లక్షలాది గుడ్లు వాడేవారు. పాత ఇళ్లలో గోధుమరంగులో, అంచులు పసుపెక్కి కనబడే ఫోటోలు ఆ జాతివే. అవి మీ ఇంట్లో ఉంటే తడిగుడ్డతో తుడవకండి సుమా!

మన ఉప్పల్, నాచారం వైపు వాళ్లకి ‘బ్లూప్రింట్’ అన్న మాట కొత్త కాదు. ఇక్కడి పారిశ్రామికవాడల్లో డ్రాయింగ్ సెక్షన్‌లో పనిచేసిన పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ మాటే వాడతారు. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉంది కనక పటాలు, ప్లాన్లు అంటే ఇక్కడివాళ్లకి అలవాటే. ఒకప్పుడు ఇళ్ల ప్లాన్లు, యంత్రాల ప్లాన్లు నీలం కాగితం మీద తెల్లగీతలతో ఉండేవి. అది హెర్షెల్ గారి నీలి అచ్చే! తర్వాత అమోనియా ప్రింట్లు వచ్చాయి, ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ప్లాను పోయినా పేరు మాత్రం నిలిచిపోయింది.

మొదటి మెట్టు: పసుపు బొమ్మ

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు దీనితో చేయి తిప్పుకోండి. ఇందులో నీలి అచ్చుకి వాడే మందులేవీ లేవు. దండెం మీద చాలాకాలం వేలాడిన చీర ఎండ తగిలిన మేర వెలిసి, మడతలో ఉన్నంత మేర రంగు నిలవడం చూస్తూనే ఉంటాం కదా. ఇక్కడ జరిగేదీ అదే.

కావలసినవి: మంచి పసుపు 2 టీ స్పూన్లు (కొమ్ములు కొట్టి ఆడించినదైతే మరీ మంచిది), మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ అరకప్పు, దళసరి డ్రాయింగ్ కాగితం, మెత్తటి బ్రష్, ఫోటో ఫ్రేము అద్దం, దాని కిందికి ఒక అట్ట, నాలుగు క్లిప్పులు, వెలిగారం 1 టీ స్పూను.

చేసే విధానం: పసుపుని స్పిరిట్‌లో కలిపి, మూతపెట్టి పది నిమిషాలు ఉంచి, పాత నూలుగుడ్డలో వడకట్టండి. ఆ పసుపు నీటిని కాగితానికి బ్రష్‌తో సమంగా పూయండి. ఆరాక ఇంకోసారి పూయండి. వెలుతురు తగలని చోట, అంటే తలుపులేసిన గదిలో ఆరబెట్టండి. దాని మీద కరివేపాకు రెమ్మో, మునగాకో, కొత్తిమీరో అందంగా అమర్చి అద్దం పెట్టి క్లిప్పులతో బిగించండి. పలచగా, చదునుగా ఉన్న ఆకులైతే అంచులు స్పష్టంగా వస్తాయి. మందంగా ఉన్నవాటిని ముందురోజే పుస్తకంలో నొక్కి పెట్టుకోండి.

ఇప్పుడు మేడ మీద మంచి ఎండలో 2 నుంచి 4 గంటలు ఉంచండి. ఆకు లేని చోట పసుపు వెలిసి పాలిపోతుంది. ఆకు కింద మాత్రం నిలుస్తుంది. లోపలికి తెచ్చి, కప్పు నీళ్లలో వెలిగారం కరిగించి ఆ నీళ్లు పైన చిలకరించండి. ఇక చూడండి! పసుపు మిగిలిన చోటల్లా ఎర్రటి ఇటుక రంగు తేలుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని మనకి తెలియందేముంది? ఇది కూడా దాని చెల్లెలే. వెలిగారం లేకపోతే వంటసోడా నీళ్లతోనూ ఎర్రబడుతుంది గానీ, ఆ ఎరుపు అంతగా నిలవదు.

ఇలాగే బీట్‌రూట్ రసం, బచ్చలిపండ్ల రసం కూడా వాడొచ్చు. వాటికి వెలిగారం అక్కర్లేదు. కాకపోతే గంటలు కాదు, రోజుల తరబడి ఎండ కావాలి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఈ రసాల బొమ్మలు శాశ్వతం కావు. వెలుతురులో గోడకి తగిలిస్తే క్రమంగా వెలిసిపోతాయి. ఆల్బంలో దాచుకుని అప్పుడప్పుడు చూసుకోవాలి.

రెండో మెట్టు: నీలి అచ్చు

పిల్లల చేతికి గడియారం కట్టిన చోట తప్ప మిగతా చెయ్యంతా ఎండకి కమిలినట్టు, ఇందులో ఎండ తగిలిన చోట నీలం వస్తుంది, తగలని చోట కాగితం తెల్లగానే ఉంటుంది. పసుపు బొమ్మకి ఇది తిరకాసు.

కావలసినవి: ఫెర్రిక్ అమోనియం సిట్రేట్, ఆకుపచ్చ రకం (5 గ్రాములు), పొటాషియం ఫెర్రిసైనైడ్, ఎర్రటి పలుకులు (2 గ్రాములు), రెండు చిన్న ముదురురంగు గాజుసీసాలు, వాటర్‌కలర్ కాగితం, బ్రష్, రబ్బరు గ్లౌజులు, ఫ్రేము అద్దం, ప్లాస్టిక్ టబ్బు. మందులు ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపుల్లో దొరుకుతాయి. పేరు కాగితం మీద రాసుకుని వెళ్లండి. ‘ఫెర్రి’ బదులు ‘ఫెర్రో’ ఇస్తే పనికిరాదు.

చేసే విధానం: ఒక్కో మందునీ విడివిడిగా 20 మిల్లీలీటర్ల ఫిల్టర్ నీళ్లలో కరిగించి, వేరు వేరు సీసాల్లో పోసి, పైన పేర్లు రాసి చీకట్లో పెట్టుకోండి. కలపనంతవరకు కొన్నాళ్లు నిలువ ఉంటాయి. మొదటి సీసాలో తెట్టులా బూజు కడితే వడకట్టి వాడుకోవచ్చు. అచ్చు వేసే రోజు మాత్రమే రెండూ సమపాళ్లలో కలపండి. ఎ4 సైజు కాగితానికి 2 నుంచి 3 మిల్లీలీటర్లు సరిపోతుంది.

కిటికీలకి దళసరి పరదాలేసి, మామూలు చిన్న బల్బు వెలుతురులో కాగితానికి పలచగా పూయండి. ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా, మనం దోసె పెనానికి నూనె రాసినట్టు. మడుగులు కట్టకూడదు. చీకట్లో పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉంటే మరకలు పడతాయి. ఆరిన కాగితం పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది.

దాని మీద ఆకులు, పువ్వులు, లేసు ముక్క, ఏదైనా అమర్చి అద్దం బిగించి ఎండలో పెట్టండి. పచ్చరంగు మెల్లగా నీలమై, ఆ తర్వాత బూడిదరంగులోకి తిరుగుతుంది. అట్లా బూడిద తిరిగినప్పుడే తీయాలి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం 5 నిమిషాల్లోనే అయిపోతుంది. చలికాలం 10 నుంచి 20 నిమిషాలు పడుతుంది. మన హైదరాబాదులో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మేలో ఎండ ఫుల్లుగా ఉంటుంది, ఆగస్టులో మబ్బులతో పేచీ.

తీసిన వెంటనే టబ్బులో నీళ్లలో వేసి, నీళ్లు మారుస్తూ పది నిమిషాలు కడగండి. ఎండ తగలని చోటి మందు పచ్చగా కరిగి పోతుంది. అక్కడ తెలుపు, మిగతాచోట నీలం తేలతాయి. ఎండ తగిలిన చోట మాత్రం మందు నీళ్లలో కరగని నీలంగా మారి కాగితాన్ని పట్టేసుకుంటుంది. అందుకే వేరే మందేమీ అక్కర్లేదు. నీళ్లే చాలు. బోరు నీళ్లు ఉప్పగా, చవుడుగా ఉండే ఇళ్లవాళ్లు చివరి కడుగు ఫిల్టర్ నీళ్లతో పెట్టుకోండి, నీలం తగ్గకుండా ఉంటుంది. ఆరిన తర్వాత ఒకటి రెండు రోజుల్లో ఆ నీలం ఇంకా ముదురుతుంది.

ఒక్క ఫోటో, నలుగురు పిల్లలు

ఆకులూ పూలూ సరే, మనుషుల ఫోటోలు రావా అంటారా? వస్తాయి. అసలు ఈ పని నేర్చుకోవాలనిపించేది అక్కడే. చాలా ఇళ్లలో తల్లిదండ్రుల పాత ఫోటో ఒక్కటే ఉంటుంది. వాళ్లు పోయాక అది ఎవరింట్లో ఉండాలి? నాచారంలో మా వీధిలోనే ఒకావిడకి ఇద్దరు అక్కలు, ఒక తమ్ముడు. వాళ్లమ్మ పడుచు వయసులో దిగిన స్టూడియో ఫోటో ఒకటుంది. తద్దినానికి అందరూ కలిసినప్పుడల్లా ఆ ఫోటో దగ్గర మాటా మాటా వచ్చేది. పైకి నవ్వులాటే గానీ లోపల ఎవరి బాధ వాళ్లది. షాపులో కాపీలు తీయించారు. అయినా ‘అది అమ్మ ఫోటోలా లేదు, జెరాక్సులా ఉంది’ అని పెద్దావిడ ఒప్పుకోలేదు.

పోయిన ఎండాకాలం నలుగురూ కలిసి ఆ ఫోటోని నీలి అచ్చు వేశారు. ఒకరు మందు పూస్తే ఒకరు అద్దం పట్టుకున్నారు, ఇంకొకరు నీళ్లు మార్చారు. నీళ్లలో వాళ్లమ్మ ముఖం మెల్లగా తేలుతుంటే పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాలుగు అచ్చులు వచ్చాయి. నాలుగూ ఒక్కలా లేవు. ఒకటి ముదురు, ఒకటి లేత, ఒకదాని అంచున బ్రష్ చార. ఎవరిది వాళ్లు ఏరుకున్నారు. అసలు ఫోటో కవర్లో పెట్టి తమ్ముడి దగ్గర ఉంచారు. ఇప్పుడు దాని గురించి ఎవరూ మాట్లాడరు.

దానికి చేయాల్సింది ఇది. పాత ఫోటోని అద్దంలోంచి బయటికి లాగకుండా, అంటుకుపోయి ఉంటే అసలే లాగకుండా, నీడపట్టున మెరుపు పడకుండా ఫోనుతో ఫోటో తీయండి. ఇంట్లో పిల్లల్ని అడిగితే దాన్ని నలుపు తెలుపు చేసి, నెగెటివ్‌గా మార్చి, ఎడమ కుడి తిప్పి ఇస్తారు. జెరాక్సు షాపులో పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు మీద ప్రింటు తీయించండి. నలుపు పలచగా ఉంటే రెండు షీట్లు తీయించి ఒకదానిమీద ఒకటి సరిగ్గా అతికించండి. ప్రింటు ఉన్న వైపు మందు పూసిన కాగితానికి ఆనేలా పెట్టి అద్దం బిగించండి. మిగతాదంతా ఆకుకి చేసినట్టే. ముందు చిన్న ముక్క మీద 3 నిమిషాలు, 6 నిమిషాలు, 9 నిమిషాలు పెట్టి చూసుకుంటే పెద్ద కాగితం వృథా కాదు.

అమ్మ చేతిరాతలో ఉన్న పచ్చళ్ల కొలతలు, ముగ్గుల పుస్తకంలో పేజీ కూడా ఇలాగే అచ్చు వేసుకోవచ్చు. ముగ్గు నీలం మీద తెల్లగా వస్తే ఎంత బాగుంటుందో చూస్తేగానీ తెలియదు. దీనికైతే నెగెటివ్ కూడా అక్కర్లేదు. ప్లాస్టిక్ షీటు మీద నల్లగా ముద్రిస్తే చాలు.

జాగ్రత్తలు

1. నీలి అచ్చుకి వాడిన గిన్నెలు, స్పూన్లు, బ్రష్‌లు, వడకట్టే గుడ్డలు వంటింట్లోకి రాకూడదు. వాటికి వేరే డబ్బా పెట్టి, పైన ఎర్ర సిరాతో రాయండి.

2. ఫెర్రిసైనైడ్ పేరులో సైనైడ్ ఉందని హడలిపోకండి. అది ఇనుముతో గట్టిగా కలిసి ఉంటుంది కనక మామూలుగా వాడితే అంత ప్రమాదం లేదు. కానీ బాత్రూము కడిగే యాసిడ్ దాని మీద పడితే, పొయ్యి మీద వేడి చేస్తే విషవాయువు రావచ్చు. అందుకని బాత్రూములో కాకుండా, యాసిడ్ లేని చోట పని చేసుకోండి.

3. పిల్లలకి అందకుండా తాళం వేసి పెట్టండి. పిల్లలు సరదా పడితే ఆకులు అమర్చడం, కడగడం వాళ్లకివ్వండి. మందు కలపడం, పూయడం మీరే చేయండి.

4. స్పిరిట్‌తో పని చేసేటప్పుడు స్టవ్, దీపం, అగరొత్తి దగ్గర ఉండకూడదు.

5. కలిపిన మందు మిగిలితే మొక్కల్లో పారబోయకండి. చిన్న చిన్న కాగితాలకీ గుడ్డముక్కలకీ పూసేయండి. గ్రీటింగ్ కార్డులకి పనికొస్తాయి.

6. మందు చీర మీద పడితే ఎండలో నీలం మరకైపోతుంది. పాత చీర కట్టుకుని పనిలోకి దిగండి.

కొన్ని చిట్కాలు

నీలం వద్దనుకుంటే చిక్కటి టీ డికాషన్ పాలు లేకుండా కాచి, చల్లార్చి, అచ్చుని అందులో అరగంట నానబెట్టండి. నీలం నల్లగా మారుతుంది, కాగితం పాత ఉత్తరంలా లేత గోధుమరంగుకి వస్తుంది.

గంజి పెట్టని తెల్ల నూలుగుడ్డ మీద కూడా నీలి అచ్చు బాగా పడుతుంది. దిండు గలీబులు, చేతిరుమాళ్లు చేసుకోవచ్చు. కానీ బట్టల సోడాకీ, సబ్బు పొడికీ నీలం ఎగిరిపోతుంది. కుంకుడు రసంతో ఉతకండి.

బతుకమ్మ పండక్కి తెచ్చిన గునుగు, తంగేడు పూలలో నాలుగు రెమ్మలు పుస్తకంలో నొక్కి దాచండి. ఎండ బాగా ఉన్న రోజు అచ్చు వేయండి. ఆ ఏటి బతుకమ్మ ఇంట్లో ఉండిపోతుంది.

నీలి అచ్చు ఎండపడే గోడకి చాలాకాలం ఉంటే కొంచెం పాలిపోతుంది. కంగారు పడకండి. కొన్నాళ్లు చీకటి బీరువాలో పెడితే రంగు చాలావరకు తిరిగి వస్తుంది. ఇంకే ఫోటోకి ఉంది చెప్పండి ఈ గుణం!

ఇంకా నేర్చుకోవాలనే ఆసక్తి ఉన్నవాళ్లు 2015 నుంచి మన హైదరాబాదులో జరుగుతున్న ఇండియన్ ఫోటో ఫెస్టివల్‌కి పిల్లల్ని తీసుకుని వెళ్లి చూడండి. కళ్లతో చూస్తే సగం పని వచ్చినట్టే.

ముందుగా ఒక్క కరివేపాకు రెమ్మతో మొదలుపెట్టండి. పసుపు ఇంట్లోనే ఉంది, ఎండ మేడ మీదే ఉంది. చేయి కుదిరాక పాత ట్రంకు పెట్టె తెరిచి, అడుగున ఉన్న ఆ ఒక్క ఫోటో బయటికి తీయండి. ఇంట్లో ఎంతమంది అడిగితే అన్ని అచ్చులు వేసి, వెనకాల పేరూ సంవత్సరమూ పెన్సిల్‌తో రాసి పంచండి. రేపు మన మనవలు ఎవరీవిడ అని అడగక్కర్లేకుండా ఉంటుంది.